కొండ మీద కాపురం

ముసలాయన గుమ్మం దగ్గర ఆగి, కాళ్ళకున్న బురద గోనెపట్టా మీద తుడుచుకున్నాడు.

లోపల మూడు చర్చిల పెద్దలు ఒకే బల్ల చుట్టూ కూర్చున్నారు. అలా కూర్చోవడం ఆ ఊళ్ళో అదే మొదటిసారి.

బల్ల మీద ఉడికించిన కర్రపెండలం, చిట్టిమిరపకాయల పచ్చడి, పాలు లేని టీ.

"ఏం కావాలి చేట్టా?" అంది, అన్నా అని పిలిచినట్టు, కొత్త చర్చి కార్యదర్శి సారమ్మ.

"ఒక కాగితం అమ్మా. నేను కొండ మీద రేకుల కొట్టంలో ఉంటున్నానని. ఏ చర్చిదైనా ఫర్వాలేదు, ముద్ర ఉంటే చాలు."

"కాస్త ఆగు. మీటింగు నడుస్తోంది."

ఆగాడు.

కూమన్‌పార కొండ మీద రాతి క్వారీ ఆగి నాలుగేళ్ళయింది. ఊళ్ళో బావులన్నిటికీ ఆ కొండ ఊటే ఆధారం. మూడు చర్చిల్లో బాప్తిస్మానికీ ఆ నీళ్ళే. క్వారీ ఆగినందుకు ఆదివారం అందరూ కలిసి కొండ కింద స్తుతి ప్రార్థన చేద్దామనుకున్నారు.

గంటన్నర గడిచింది. ఎవరి సిలువ ముందు నడవాలో ఇంకా తేలలేదు.

"క్వారీ ఆగింది మా నలభై రోజుల ఉపవాసం వల్ల. మా సిలువే ముందుండాలి," అన్నాడు పెద్ద చర్చి ట్రస్టీ ఉతుప్పు.

"ఉపవాసమా? ఆ నలభై రోజులూ మీ వంటింట్లోంచి వేపుడు వాసన నా ముక్కుకే తగిలిందా?" అన్నాడు పాత చర్చి ఇట్టియవిర. "కలెక్టరు ఆఫీసు ముందు ఎండలో కూర్చున్నది మేము."

"గొడుగులేసుకుని కూర్చున్నారు, చూశాంలెండి," అంది సారమ్మ. "వినతిపత్రం రాసింది నేను. పదకొండు పేజీలు."

"ఆ పదకొండు పేజీలూ చదవలేక క్వారీ ఆపేసుంటారు," అన్నాడు ఇట్టియవిర.

ముసలాయన గొంతు సవరించుకున్నాడు.

"ఆ క్వారీ సంగతే అయ్యా..."

"క్వారీ సంగతి మేం చూసుకుంటాం. నీ సంగతి చెప్పు," అన్నాడు ఉతుప్పు. "పేరేంటి? నువ్వే చర్చి?"

"ఎస్తప్పాన్. బాప్తిస్మం పెద్ద చర్చిలోనే అయ్యా. నాన్న పోతే మా కులంవాళ్ళకి సమాధి శ్మశానం గోడ బయటే అన్నారు. అమ్మ నన్ను తీసుకుని పాత చర్చికి వెళ్ళింది. అక్కడ మాకు వెనక బెంచీ. తర్వాత నేను ఎక్కడికీ వెళ్ళలేదు."

ఇట్టియవిర టీ గ్లాసులోకి చూశాడు.

"మా పుస్తకంలో పేరుందా?" అన్నాడు ఉతుప్పు.

"కొట్టేశారయ్యా."

"పాత చర్చిలో?"

"ఎక్కించలేదు."

"మరింకేం. సారమ్మా, మీరిచ్చెయ్యండి. మీ పుస్తకంలో చోటు బోలెడు ఖాళీ."

"మా ఖాళీ సంగతి మీకెందుకు? సభ్యుడు కానివాడికి ముద్ర వేస్తే రేపు నన్ను నిలదీసేది మీరే."

ఎస్తప్పాన్ ఒక్కో మాటా వెతుక్కుంటూ చెప్పాడు.

"సోమవారం తహసీల్దారు మనుషులొస్తారు. అక్కడ కాపురమే లేదని, అది గొడ్లపాకని రాయించారు. కాదని ఒక్క చర్చి చెప్తే చాలంట."

ఎవరు రాయించారని ఎవరూ అడగలేదు.

"ఈ వయసులో ఆ కొండ మీద ఎందుకు చేట్టా, కిందే ఎక్కడైనా ఉండొచ్చుగా?" అంది సారమ్మ, కాస్త మెత్తగానే.

"కింద ఇల్లిస్తామన్నారమ్మా. కరెంటుతో."

"ఇస్తానంటే వద్దన్నవాణ్ణి నిన్నే చూశాను," అన్నాడు ఉతుప్పు. "వెళ్ళి తీసుకోవయ్యా."

ఎస్తప్పాన్ ముగ్గురి ముఖాలూ చూశాడు.

"దిగితే ఎలాగయ్యా?" అన్నాడు.

ఆ మాటకి అర్థమేంటని కూడా ఎవరూ అడగలేదు. కర్రపెండలం చల్లారిపోతోంది.

ముగ్గురూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. కాగితం ఇవ్వడం కుదరదన్నారు.

ఆ సాయంత్రం మూడు చర్చిలూ ఒక్కటైంది ఆ ఒక్క విషయంలోనే.

ఆదివారం మూడు సిలువలు మూడు దారుల్లో కొండ కిందికి వచ్చాయి. మూడు మైకుల్లో మూడు ప్రార్థనలు జరిగాయి. ఒకరి పాట ఒకరికి వినపడలేదు.

సోమవారం కొట్టం పీకేశారు. ఎస్తప్పాన్ మూట నెత్తిన పెట్టుకుని కొండకి అవతలి వైపు దిగిపోయాడు. ఎక్కడికని ఎవరూ అడగలేదు.

బుధవారం పొద్దున కొండ మీద పేలుడు వినిపించింది.

సారమ్మ ఇంటి గోడ పైనుంచి కిందికి చీలింది. పెద్ద చర్చి గంట ఎవరూ లాగకుండానే మోగింది. ఊట నీళ్ళు బియ్యం కడుగులా తెల్లగా వచ్చాయి. ఆ వారం పాత చర్చిలో బాప్తిస్మం ఉన్న పసిబిడ్డ తల్లి, బిందె పట్టుకుని పక్క ఊరికి నడిచింది.

ఈసారి ఎవరు ముందనే మాట రాలేదు. ముగ్గురూ ఒకే జీపులో గనుల ఆఫీసుకు వెళ్ళారు.

"మేం ఆపించిన క్వారీ మళ్ళీ ఎలా తెరిచారు?" అన్నాడు ఉతుప్పు.

గుమాస్తా ఫైలు తీశాడు.

"మీ మూడు అర్జీలూ ఇందులోనే ఉన్నాయండి. ఆగింది వాటివల్ల కాదు."

"మరి దేనివల్ల?"

"పేలుళ్ళ చోటికి యాభై మీటర్ల లోపల మనిషి కాపురముంటే అనుమతి లేదు. నాలుగేళ్ళుగా ఒక కాపురం ఉంది. సోమవారం నుంచి లేదు."



గుమాస్తా అడుగున ఉన్న కాగితం తిప్పి చూపించాడు. నాలుగేళ్ళ కిందటిది. ఎవరి చేతనో రాయించి, కింద ఎస్తప్పాన్ వేలిముద్ర వేశాడు.

సారమ్మ సగం దాకా పైకి చదివి, కాగితం పక్కకి జరిపింది. మిగతాది ఇట్టియవిర చదివాడు.

"క్వారీ వాళ్ళు కింద ఇల్లిస్తామంటున్నారు, నాకొద్దు, కింద మూడు చర్చిల వాళ్ళూ తాగేది ఈ కొండ నీళ్ళే, అందుకని నేను దిగను."