ఏ ఇబ్బందీ లేదు

"ఆ మూల బెంచీ ఖాళీ చేయించవయ్యా. పంతులమ్మ మళ్ళీ బడి పెట్టింది" అన్నాడు గుమస్తా, కాపలాదారుతో.

ఊపిరితిత్తుల విభాగం వారానికి ఒక్కరోజే. డాక్టరమ్మ చూడగలిగేది నలభై మందిని. వచ్చేది నూట యాభై.

అందుకే పసుపు ఫారం పెట్టారు. ఎన్ని మెట్లకు ఆయాసం వస్తోంది, నిద్రలో ఎన్నిసార్లు లేచి కూర్చుంటున్నారు, ఇలా పది ప్రశ్నలు. రోగి తన సంగతి తానే రాయాలి. గుమస్తా అది చదివి కంప్యూటర్లో మార్కులు వేయాలి. మార్కులు ఎక్కువున్న వాళ్ళను డాక్టరమ్మ లోపలికి పిలుస్తుంది. సున్నా వస్తే 'ఏ ఇబ్బందీ లేదు' అని అర్థం. వాళ్ళకు వెనక కిటికీ దగ్గర పాత మాత్రలే మరో వారానికి ఇచ్చి పంపేస్తారు.

గుమస్తా చదివేవాడు కాదు.

"వీళ్ళ దగ్గులూ తుమ్ములూ చదివి నా కళ్ళెందుకు పోగొట్టుకోవాలి?" అనేవాడు.

ఆయన తొమ్మిదికి వచ్చేసరికే గుమ్మం దగ్గరి ట్రే నిండి ఉండేది. ఒక చేత్తో టీ తాగుతూ, రెండో చేత్తో ఆ కట్టంతటికీ సున్నాలు కొట్టేవాడు. ఎదురుగా నిలబడి సతాయించే వాళ్ళకే మార్కులు.

అలాంటి హాయి కాలంలో దాపురించింది ఈ పంతులమ్మ.

ఉతికి ఉతికి వెలిసిపోయిన చీర. ముక్కు మీదికి జారే కళ్ళద్దాలు. రాయడం రాని వాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని ఫారాలు నింపేది.

"ఎన్ని మెట్లకి ఆయాసం, పెద్దాయనా?"

"మా ఇంటికి మెట్లు లేవమ్మా."

"మరి బకెట్ నీళ్ళు... ఎత్తితే?"

"సగం దూరంలో దింపేస్తా. మా ఆవిడ నవ్వుతుంది."

"అదే రాస్తున్నా."

"నవ్విందనా?"

"దింపేస్తావని. వెళ్ళి ఆ బాబు చేతికివ్వు. చదవడం రాదు కదా నీకు... ఏమైనా అడిగితే నోటితో చెప్పు, ఆయన కంప్యూటర్లో కొట్టేదాకా కదలకు."

వాళ్ళు కదిలేవాళ్ళు కాదు. కౌంటర్ మీద మోచేతులు ఆనించి, కళ్ళప్పగించి చూస్తూ నిలబడేవాళ్ళు. గుమస్తా పళ్ళు నూరుకుంటూ ఒక్కో జవాబూ కొట్టాల్సి వచ్చేది. టీ చల్లారిపోయేది.

ఒకరోజు తానే లేచి బెంచీ దగ్గరికి వెళ్ళాడు.

"ఎవరి తాలూకు నువ్వు?"

"ఎవరి తాలూకూ... కాదు బాబూ."

"ఇంట్లో పనీపాటా లేదా? ఊరందరి రోగాలూ నీకెందుకు? ఇది రోగుల బెంచీ. సంఘసేవ బయట చేసుకో."

"కాసేపే... బాబూ."

మాటకూ మాటకూ మధ్య ఆగి, ఆయన ముఖంలోకి చూసేది. పొగరు అనుకున్నాడు గుమస్తా. కాపలాదారును పిలిచి లేపించాడు. ఆవిడ గోడ వారగా వెళ్ళి నిలబడి, ఫారాన్ని గోడకు ఆనించి రాసింది. మరుసటి వారం మళ్ళీ బెంచీ మీదే కనిపించింది.

"సిగ్గూ శరం ఉన్న జాతి కాదులే" అన్నాడు కాపలాదారుతో.

రెండు నెలలు తిరిగేసరికి డాక్టరమ్మ ఆయన్ని గదిలోకి పిలిపించింది.

"ఫారాలు ఇంత వివరంగా వస్తున్నాయేంటండీ ఈమధ్య? ఇదివరకు మీ కంప్యూటర్లో ఊరంతా ఆరోగ్యమే కనిపించేది. పోయిన వారం ముగ్గుర్ని సరైన సమయానికి చేర్చుకోగలిగాం."

"దగ్గరుండి రాయిస్తున్నా మేడమ్" అన్నాడు గుమస్తా, చేతులు కట్టుకుని.

మంచి ఉద్యోగి అని పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. దానికి ఫ్రేము కట్టించి కౌంటర్ మీద నిలబెట్టుకున్నాడు.

ఆ తర్వాతి వారం పంతులమ్మ రాలేదు.

"పీడ విరగడైంది" అనుకుని టీ వేడివేడిగా తాగాడు.

పై వారమూ రాలేదు. ఆ రోజు పదకొండింటికి నడివయసు మనిషి ఒకాయన కౌంటర్ ముందుకొచ్చి, మాత్రల సంచీ పెట్టాడు.

"ఇవి తిరిగిచ్చి పోదామని వచ్చానండీ. మా అక్కవి. బుధవారం పోయింది. మిగిలినవి ఎవరికైనా పనికొస్తాయని."

"వాడిన మందులు తీసుకోం. కార్డివ్వు, పేరు కొట్టేస్తా."

నంబరు కొట్టాడు గుమస్తా. పద్నాలుగు వారాలు. పద్నాలుగు సున్నాలు.

"ఏ ఇబ్బందీ లేదనే ఉందే ఇక్కడ!"

"పోయే ముందు నెల్లాళ్ళూ పడుకోలేదండీ. కూర్చునే ఉండేది. అన్నీ రాశాననే చెప్పేది. వారం వారం ఎనిమిదింటికే వచ్చి ట్రేలో వేసేది."

"ట్రేలో పడేసి ఊరుకుంటే ఎలాగయ్యా? నోరుందిగా, వచ్చి అడగాలి. అడగని వాళ్ళకి మేమేం చేస్తాం?"

ఆయన సంచీ మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

"నేనూ అదే అన్నానండీ. చదువుకున్నవాళ్ళు, చదివి వాళ్ళే పిలుస్తారురా అంది. పిలిచేదాకా ఊరికే కూర్చోవడమెందుకని, రాయడం రాని వాళ్ళవి రాసిపెడుతూ ఉండేదట, ఆ మూల బెంచీ మీద."