రెండో కుర్చీ

"హెడర్ ఫైల్ కనబడట్లేదంట! నిన్న సాయంత్రం బాగానే కంపైలయింది కదా!"

యశ్వంత్ హాల్లో కంప్యూటర్ ముందు తల పట్టుకున్నాడు. పదకొండుకల్లా ప్రోగ్రాం బిల్డ్ చేసి పంపకపోతే ఇంటి నుంచి పని చాలు, రాత్రి బస్సుకే హైదరాబాద్ వచ్చేయమన్నాడు మేనేజరు. పెళ్లయి ఇంకా నెల నిండలేదు.

తండ్రి రంగయ్య పేపరు దించాడు. "కోడల్ని పిలువురా. ఆ పిల్లదీ అదే చదువు గదా."

పొయ్యి మీద పప్పు వదిలేసి, కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చింది కన్యక. మార్కాపురంలోని ఆ ఇంట్లో కొత్తకోడలు మామ ఎదుట మొగుడి పక్కన కూర్చోదు. ఎర్రర్ పుణ్యమా అని ఇవాళ మామే రెండో కుర్చీ లాగాడు.

"కొంచెం జరగండి."

మోచేతులు తగిలాయి. యశ్వంత్ చెవులు ఎర్రబడ్డాయి.

"మీ కోడ్‌లో ఏం లేదు. బిల్డ్ స్క్రిప్ట్ చూద్దాం... ఇదిగో! హెడర్లు ఏ ఫోల్డర్లో ఉన్నాయో చెప్పే లైను ముందు ఎవరో హ్యాష్ గుర్తు పెట్టారు. అది ఉంటే ఆ లైన్ను కంప్యూటర్ చదవకుండా వదిలేస్తుంది."

"నేనే నిద్రమత్తులో కొట్టినానేమో!"

"అయ్యుండొచ్చు," అంది కన్యక.

హ్యాష్ తీసేసి మళ్లీ నడిపింది. ఈసారి ఇంకో ఎర్రర్. ఒకే స్ట్రక్చర్ రెండుసార్లు ఉందట.

కన్యక మొహంలో నవ్వు ఆగిపోయింది. "ఇదెక్కడిది?"

"పది నలభై అయింది," అన్నాడు రంగయ్య.

"ఇంక బ్యాగు సర్దుకుంటా," యశ్వంత్ లేవబోయాడు.

"కూర్చోండి. నిన్న బిల్డ్ అయినాక ఏమన్నా మార్చినారా?"

"ఒక్క హెడర్ కలిపినా, అంతే."

"అదే! దాన్ని ఇంకో హెడర్ కూడా పిలుస్తోంది. రెండు దారుల్లోనూ లోపలికొస్తోంది."

'ఒక్కసారే చదువు' అని కంపైలర్‌కు చెప్పే లైను ఆ హెడర్ నెత్తిన రాసింది. ఎంటర్ కొట్టింది. ఒక్క ఎర్రర్ లేదు. పదకొండు కాకముందే బిల్డ్ వెళ్లిపోయింది.

"శభాష్ తల్లీ! ఇంక రోజూ వీడి పక్కన నువ్వుండాల్సిందే," అన్నాడు రంగయ్య.

నేల మీద కాళ్లు ఆనకుండా వంటింట్లోకి వచ్చింది కన్యక. అత్త రాజ్యలక్ష్మి మాడిన పప్పు గిన్నె తోముతోంది. తలెత్తకుండానే అంది:

"పొద్దున ముగ్గేసి లోపలికొస్తా చూసినాలే, నువ్వు వాడి కంప్యూటర్లో ఏందో కొడ్తా ఉంటే. రేపు ఆ హ్యాష్ ఏందో, పప్పు దించే టైముకు వచ్చేట్టు పెట్టుకో, తల్లీ."