పాస్టరు చదవని చీటీ

“నా చీటీ రాలేదా అయ్యగారూ?” అని అడిగింది బట్టలు కుట్టే ఆవిడ.

చర్చిలో ప్రశ్నల పెట్టె పెట్టింది పాస్టరే. ప్రతి ఆదివారం అందులోని చీటీలన్నీ చదివి, గుక్క తిప్పుకోకుండా జవాబులు చెబుతాడు.

“రాలేదమ్మా,” అంటూ బైబిలు తెరిచాడు. మడత పెట్టిన చీటీ జారి ఆమె కాళ్ళ దగ్గర పడింది. కొలతలు రాసుకునే కాగితం మీద ఆమె రాతే: ‘దేవుడు నా బిడ్డనెందుకు బతికించలేదు?’

పాస్టరుకు తల కొట్టేసినట్టయింది. “జవాబు తెలీదమ్మా. తెలీదంటే చిన్నతనమని దాచాను.”

“తెలీకనా?” ఆమె బల్ల మీద కూలబడింది. “అలా అడగడమే పాపమేమో, అందుకే చదవలేదనుకున్నా. నెల్లాళ్ళుగా ప్రార్థనే మానేశా.”

పాస్టరు వంగి ఆ చీటీ తీసి, మడత సరిచేశాడు.

“తెలీదని ఆ రోజే చెప్పుంటే, ఇద్దరం కలిసి దేవుణ్ణే అడిగేవాళ్ళం కదయ్యా!”