చేతిసంచి

“ఈ మందులెవరివి పెద్దమ్మా?”

విమానాశ్రయంలో తనిఖీ బల్ల మీద పెద్దావిడ చేతిసంచి విప్పి, లోపలివన్నీ బయట పరుస్తోంది ఉద్యోగిని. ఇన్సులిన్ పెన్నులు, బిళ్ళల అట్టలు, పెద్ద మందు సీసా.

“మా ఆయనవి తల్లీ. ఇదిగో, డాక్టరు చీటీ.”

వెనక వరుసలో ఎవరో గొణిగారు. “మందుల షాపే ఎత్తుకొచ్చినట్టున్నారు!”

పెద్దావిడ మందులకు చెయ్యి అడ్డం పెట్టింది. “పారెయ్యొద్దమ్మా. నీకు పుణ్యముంటుంది.”

“పారెయ్యనులెండి. కానీ ఇంత పెద్ద సీసా వదలాలంటే రోగి కూడా ప్రయాణంలో ఉండాలి. ఏరీ ఆయన?”

“ముందే వెళ్ళిపోయారు.”

ఉద్యోగిని నవ్వింది. “మగాళ్ళంతా ఇంతే! మోత మనకి, నడక వాళ్ళకి. ఈ విమానమేనా?”

“ఇదే. యాభై ఏళ్ళలో ఒక్కసారీ ఆగి నాకోసం చూడలేదు.”

“అయితే సరే, తీసుకెళ్ళండి. చేతిసంచిలో పెట్టుకుని మంచి పని చేశారు.”

“వచ్చేటప్పుడు ఆ బుద్ధి లేకపోయింది తల్లీ. భద్రంగా ఉంటాయని మందులూ చీటీ పెద్ద పెట్టెలో సర్దాను. ఆ పెట్టె కాస్తా ఇంకెక్కడికో పోయింది. చీటీ లేనిదే ఇవ్వమని ప్రతి షాపువాడూ తిప్పి పంపాడు. పెట్టె చేతికొచ్చేసరికి మూడు రోజులు.”

“అయ్యయ్యో! ఆయనకేం కాలేదు కదా?”

అంతలో వెనకవాళ్ళ ట్రే వచ్చి గుద్దుకుంది. ఉద్యోగిని అటు తిరిగింది. మళ్ళీ ఇటు చూసేసరికి పెద్దావిడ ఒక్కొక్క అట్టనూ తుడిచి, పొద్దుటివి ఒక పక్క, రాత్రివి ఒక పక్క సంచిలో సర్దుతోంది.

“అయినా ఇన్సులిన్‌ని విమానం కింది అరలో సామాన్లతో పంపకూడదు పెద్దమ్మా. ఆ చలికి గడ్డకట్టి పాడైపోతుంది.”

సర్దుతున్న చెయ్యి ఆగిపోయింది.

“కింద అంత చలా?”

“ఒక్కోసారి మంచుగడ్డేననుకోండి. ఇక వెళ్ళండి, ఆయన ఎదురుచూస్తుంటారు.”

పెద్దావిడ కదల్లేదు. ఒంటి మీది ఉన్ని శాలువా తీసి, నాలుగు మడతలు పెట్టి, బల్ల మీదుగా అందించింది.

“దీన్ని కిందకి పంపిస్తావా తల్లీ? నీకు దణ్ణం పెడతాను.”

“సామాన్లలోకా? శాలువా ఎందుకు పెద్దమ్మా అక్కడ?”

“ఆయన కిందే, పెట్టెలో ఉన్నారు తల్లీ.”