కొత్తిమీర గది

గది మళ్లీ పొయ్యిలా ఉందని సరసమ్మ ఫోన్ చేసింది. జయకుమార్ పనిముట్ల సంచి భుజాన వేసుకుని తిరువళ్లూరులో తిరుత్తణి బండెక్కాడు.

తిరుత్తణిలో ఆమెది చిన్న మెస్. ఎండాకాలం మంచి కొత్తిమీర దొరకదని మిద్దెమీద గదిలో పెంచుకుంటోంది. ఎండకు బదులు లైట్లు. అవి బిగించింది జయకుమారే. వాటి వేడిని బయటికి లాగే ఫ్యాను మాత్రం మాటిమాటికీ మొండికేస్తోంది. అది ఆగిందా, లేత ఆకులు ఉడికిపోతాయి.

ఈసారీ సగం తొట్లలో మొక్కలు వాలిపోయాయి. అతను లైట్లు పైకి జరిపాడు. కిటికీకి తడి గోనెలు కట్టాడు. స్క్రూ వదులై ఊడిన వైరు తగిలించగానే ఫ్యాను తిరిగింది, గది చల్లబడింది.

"నీ హస్తవాసి మంచిది నాయినా" అంది సరసమ్మ. "దా, తిందువు."

ఆ ఇంట్లో పనికి వచ్చినవాణ్ణి పస్తు పంపరు. ఆకు వేసి, పక్కనే కూర్చుని, ఊళ్లో కబుర్లన్నీ తెలుగులో చెబుతుంది. తల్లి పోయాక జయకుమార్‌ను ఆ భాషలో 'తిన్నావా' అని అడిగినవాళ్లు లేరు. అతని గదిలో ఉండేవాళ్లు కాట్టుపల్లి ఓడరేవులో షిఫ్టు చేసొచ్చి పడుకుంటారు. పలకరిద్దామంటే గురకే జవాబు. పండగనాడు హోటల్లో తినేవాడి బాధ తినేవాడికే తెలుస్తుంది. పోనీ ఊరికే సరసమ్మను చూసొద్దామా అంటే, పని లేనిదే ఒకరింటి గడప తొక్కడం అతనికి చేతకాదు.

ఈరోజు సరసమ్మ కబుర్లు చెప్పలేదు. చారు పోస్తూ కళ్లు ఒత్తుకుంది.

"ఇంగ నావల్ల కాదు నాయినా. బిడ్డల్ని సాకినట్టు సాకినాను. అంతా నా కళ్లముందరే మాడిపోతా ఉండాది. ఇంగొక్కసారి ఇట్లయితే అన్నీ విప్పి ఎత్తుకొని పో."

అతను కలిపిన ముద్ద ఆకులోనే వదిలేశాడు.

"ఇంగ ఇట్ల కాదక్కా" అన్నాడు. "నన్ను పిలిచే పనే ఉండదు."

ఆమె ముఖం తేటపడింది. ఆ మాట చాలంది. ఇంకో గరిటె అన్నం వడ్డించింది. అతను మెతుకు మిగల్చకుండా తిన్నాడు.

చెయ్యి కడుక్కుని, ఒకసారి చూసొస్తానని ఎప్పటిలాగే మిద్దె ఎక్కాడు. గదిలో ఎవరూ లేరు.

ప్రతిసారీ వెళ్లబోయే ముందు తన చేత్తోనే వదులు చేసి వచ్చే ఫ్యాను స్క్రూను, జయకుమార్ ఈసారి ఇంకో చుట్టు బిగించి దిగిపోయాడు.