పెట్టె కొలత

"ఆ శవప్పెట్టె బండెక్కడానికి వీల్లేదు," అన్నాడు దేవసహాయం. నరసరావుపేటలో తనుండే అద్దెగదికి అమ్మానాన్నల్ని తీసుకుపోవడానికి ఈపూరు వచ్చాడతను.

"అది లేందే నేను రాను," అంటూ ఆరడుగుల సంసోను ఆ టేకు పెట్టె మీదే కూర్చున్నాడు.

"యుద్ధం మొదలైన ఏడే చేయించుకున్నాడురా, బాంబులన్నీ తనకోసమే వస్తున్నట్టు," అంది మార్తమ్మ. "యుద్ధం పోయింది గానీ ఈయన పోలా. నేను మిరపకాయలు పోసుకున్నా కాబట్టి దానికో పనన్నా దొరికింది. అందులో పడుకుంటే పరలోకం దాకా తుమ్ముకుంటూ పోతాడు."

దేవసహాయం తండ్రిని లేపి, పెట్టెని విసురుగా పక్కకి లాగాడు. లాగి, తండ్రి ఎత్తుకీ పెట్టె పొడవుకీ చూపు తిప్పాడు.

"ఏంది నాయనా, ఇందులో నీ కాళ్లు పట్టవు. వడ్రంగి మోసం చేశాడు."

"వాడు సరిగానే చేశాడు. మీ అమ్మ మధ్యాన్నం నిద్దరోతుంటే నేనే తాడుతో కొలిచిచ్చా."

మార్తమ్మ నడుం మీద చేతులేసుకుంది.

"అయితే నేనే ముందు చావాలనా నీ ఎత్తు?"

"నేను ముందు పోతే నీకెవడే చేయించేది?" సంసోను కొడుకు వంక చూడలేదు. "నాకు చాపైనా చాలు. నువ్వు చీమ కుడితేనే ఊరంతా లేపుతావు."

దేవసహాయం పెట్టెని బండెక్కించడానికి మూత తీసి, మిరపకాయలు గోతంలోకి ఎత్తబోయాడు.

"తీయమాకురా," అంది మార్తమ్మ, కళ్లు తుడుచుకుంటూ. "ఖాళీ చేసేంత తొందర నాకేం లేదు."