పాట మధ్యలో గొంతు

హుజూర్‌నగర్‌లో గోవర్ధన్ సెల్ పాయింట్ ముందు బండి ఆపగానే నగేష్‌కు లోపలి నుంచి తన గొంతు తనకే వినిపించింది.

బోనాల పాట నడుమ డప్పు ఆగింది. "కాపీ కొట్టెటోడా, జర సిగ్గు తెచ్చుకో" అన్న మాట వచ్చింది. మళ్లీ డప్పు అందుకుంది.

కోదాడలో నగేష్‌దీ అదే వ్యాపారం, ఫోన్లలోకి పాటలు ఎక్కించడం. తన పాటలు ఎవరో ఎత్తుకుపోతున్నారని ప్రతి పాటలో ఆ మాట తనే అతికించాడు. అందులో తన ఊరూ పేరూ చెప్పలేదు. అయినా చిలుకూరు, మఠంపల్లి గిరాకీ అంతా హుజూర్‌నగర్‌కే మళ్లింది. ఇట్లాగే నడిస్తే దుకాణం ఖాళీ చేయాల్సిందే.

లోపల గోవర్ధన్ కంప్యూటర్ దగ్గర నిలబడి ఉన్నాడు. స్టూలు మీద ఎవరో పెద్దమనిషి కూర్చుని పాట వింటున్నాడు.

"దొరికినవ్ గోవర్ధనూ. ఇగ ఏమంటవ్?"

గోవర్ధన్ అతణ్ని ఎగాదిగా చూశాడు. "ఎవరన్నా నువ్వు? ఫోన్ రిపేరుంటే రేపు రా."

"నేనెవర్నా? నీ బిడ్డ పుట్టువెంట్రుకలకు వచ్చి తిని పోయిన. నేనెవర్నా?"

ఇద్దరి పంచాయితీకి మూడో మనిషి కావాలి. నగేష్ స్టూలు వైపు తిరిగి, సార్ మీరు మా ఇద్దరికీ కానివాళ్లు, మీరే తీర్పు చెప్పాలన్నాడు. ఆయన కాసేపు మొహమాటపడ్డాడు. తర్వాత, అడిగినదానికి నిజం చెబుతానంటే సరేనన్నాడు.

గోవర్ధన్ అడ్డం పడ్డాడు. ఈ వచ్చినతనెవరో తనకు తెలియదని, తాగి వచ్చినట్టున్నాడని పెద్దమనిషితో అన్నాడు. నగేష్ చెయ్యి పట్టుకుని బయటికి లాగబోయాడు. దొంగకు భయం పట్టుకుందనుకుని నగేష్ చెయ్యి విదిలించుకున్నాడు.

పాటలు మీవేనని రుజువేమిటని పెద్దమనిషి అడిగాడు. పాటలోని గొంతు తనదేనన్నాడు నగేష్. గొంతు ఎవరిదైనా కావచ్చునన్నాడు గోవర్ధన్. పెద్దమనిషి పాట మళ్లీ పెట్టించి, ఆ మాట రాగానే ఆపించి, నగేష్‌ను అనమన్నాడు. నగేష్ గొంతు సవరించుకున్నాడు.

"కాపీ కొట్టెటోడా, జర సిగ్గు తెచ్చుకో."

"ఇదే గొంతు" అన్నాడు పెద్దమనిషి.

గోవర్ధన్ కౌంటర్ మీద తల ఆనించాడు.

"గొంతు సరే. ఈ పాట వచ్చిన సీడీకి లాకు ఉంది కదా, కంప్యూటర్‌లో పెడితే పాడదు. మరి మీరెట్లా తీశారు?" అని పెద్దమనిషి అడిగాడు.

ఆ మాట అడిగేవాడి కోసమే చూస్తున్నట్టు నగేష్ చెప్పుకొచ్చాడు. సీడీని మామూలు ప్లేయర్‌లో వేయాలి. ప్లేయర్‌ను వైరుతో కంప్యూటర్‌కు కలపాలి. పాట ఎంతసేపుంటే అంతసేపూ కూర్చుని రికార్డు చేయాలి. ఆ తర్వాత ఎంపీత్రీగా మార్చి సైజు తగ్గించాలి, లేకపోతే ఫోన్‌లోని చిన్న మెమరీ కార్డులో పట్టవు. సూర్యాపేటలో గానీ మిర్యాలగూడలో గానీ ఇంత ఓపిక ఎవరికీ లేదు.

"ఆ లాకు తీసింది నేనే సార్. వీడు కూసోని నా కష్టం తింటున్నడు."

పెద్దమనిషి తల ఊపాడు. గొంతూ మీదే, పని కూడా మీదే, ఇందులో నాకు అనుమానం లేదన్నాడు.

నగేష్ గోవర్ధన్ వైపు చూశాడు. "ఇప్పుడన్న ఒప్పుకుంటవా?"

పెద్దమనిషి లేచి, జేబులోంచి తన విజిటింగ్ కార్డు తీసి నగేష్ చేతిలో పెట్టాడు.

"ఆ సీడీ మా కంపెనీదే. ఈ గొంతు ఎవరిదని పొద్దుటి నుంచి అడుగుతున్నాను. దుకాణానికి తాళం వేయిస్తానన్నా ఈయన మీ పేరు చెప్పలేదు."